నలభై నాలుగో ఆదివారం

సోమవారం పొద్దున పదీ నలభైకి పెన్సిల్ మాస్టారు ఆ మెదడు పరిశోధన కేంద్రం మెట్లెక్కేసరికి కేసు దాదాపు ముగిసిపోయింది. ముద్దాయి దొరికాడు, చేతికి బేడీ పడింది, ఒంటిగంటకి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టడం ఒక్కటే మిగిలింది. మాస్టార్ని ఎవరూ రమ్మనలేదు. ఫీజు ఇస్తామన్నవాళ్ళూ లేరు. తన సిగ్గు తను భరించలేక వచ్చాడంతే.

సంగతేమిటంటే, పది రోజుల కిందట ఆయనకో ఫోనొచ్చింది. "నేను మెదళ్ళ మీద పనిచేసే డాక్టర్నండీ. ఇక్కడ ఒకే మనిషి పదకొండు పేర్లతో తిరుగుతున్నాడు. మీరు పట్టుకోవాలి," అంది ఒక పెద్దావిడ గొంతు. ఎవరా మనిషని అడిగితే మొహం తెలీదంది, పేరు తెలీదంది. "అతని మెదడు మాత్రం బాగా తెలుసు," అంది. మాస్టారు నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కున్నాడు. పోలీసు ఉద్యోగం నుంచి రిటైరై ఈ డిటెక్టివ్ పని మొదలెట్టిన ఏడేళ్ళలో ఇలాంటి ఫోన్లు బోలెడొచ్చాయి. మాట్లాడే దిక్కు లేనివాళ్ళు ఏదో ఒక వంక పెట్టుకుని చేస్తారు. ఆ సంగతి ఆయనకి తెలీదా? భార్య పోయాక తనే రెండుసార్లు రైల్వే విచారణకి ఫోన్ చేసి, ఎప్పుడూ ఎక్కని రైలు ఎన్నింటికొస్తుందో కనుక్కుని పెట్టేశాడు. "మంగళవారం వస్తాలెండి," అని ఆవిడకి చెప్పి, మంగళవారం వెళ్ళలేదు. నిన్న ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి ఆవిడ శవమై దొరికింది.

చెవి వెనక పెన్సిలు ముక్క సర్దుకుని మాస్టారు తలుపు తోశాడు. కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు ఎదురొచ్చాడు. ఒకప్పుడు ఈయన చేతికింద పనిచేసినవాడే. స్టేషన్లో అందరికంటే చిన్నవాడని అప్పట్లో "చిన్నోడా" అని పిలిచేవాడు. ఇప్పుడు వాడికి నలభై దాటి కణతల దగ్గర జుట్టు నెరిసినా ఆ పిలుపు మాత్రం పోలేదు. భార్యతో పొసగక విడిపోయి వాడూ ఒక్కడే ఉంటున్నాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఫోన్ చేసి "తిన్నారా సార్?" అని అడుగుతాడు. లోకంలో ఆ మాట మాస్టార్ని అడిగేవాడు ఈ ఒక్కడే. నిన్న మాత్రం ఆ ఫోన్ రాలేదు.

"మిమ్మల్నెవరు పిలిచారు సార్?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. గొంతులో మునుపటి చనువు లేదు.

"ఎవరూ పిలవలేదు. చచ్చిపోయినావిడ పిలిచింది, అప్పుడు రాలేదు. ఇప్పుడొచ్చా."

"ఇక్కడ మీకు పనేం లేదు. అంతా తేలిపోయింది."

"తేలిపోతే మంచిదే కదా. ముసలాడికి ఒకసారి అప్పజెప్పు, విని పోతాను."

ఇన్‌స్పెక్టరు విసుక్కున్నాడు గానీ వేళ్ళు మడిచి చెప్పడం మొదలెట్టాడు. ఆ పద్ధతి మాస్టారు నేర్పిందే. "పెద్ద డాక్టరమ్మ ఒంటరి మనిషి. ప్రతి ఆదివారం తన మెదడు తనే స్కాన్ చేయించుకుంటుంది. నిన్న ఒంటిగంటన్నరకి ఆవిడ కింద పనిచేసే చిన్న డాక్టరమ్మ వచ్చి స్కానుకి మందెక్కించడానికి చేతికి సూది పెట్టింది, ఒకటీ యాభైకి గేటు రిజిస్టర్లో సంతకం పెట్టి వెళ్ళిపోయింది. రెండింటి నుంచి మూడున్నర దాకా స్కాన్. అందులో బతికున్న మెదడు గీత స్పష్టంగా పడింది. నాలుగున్నరకి వాచ్‌మన్ వచ్చి చూస్తే విశ్రాంతి గదిలో మంచం మీద శవం. మొహం మీద దిండు. ఒంటిగంటకీ నాలుగున్నరకీ మధ్య పోయిందని శవాన్ని చూసిన డాక్టరు చెప్పాడు. మూడున్నర దాకా బతికుందని మెషీనే చెబుతోంది. మూడున్నర తర్వాత బిల్డింగులో ఉన్నది ఒకే ఒక్కడు, టెక్నీషియన్."

"వాడికేం పోయింది ఆవిడని చంపడానికి?"

"శుక్రవారం ఇద్దరూ వరండాలో గొడవపడ్డారు. 'ఇంక నేను దాచలేను మేడమ్' అని వీడు అరవడం ముగ్గురు విన్నారు. ఏం దాచావురా అంటే చెప్పడు. రాత్రంతా అడిగాను. నోట్లో నాలుక లేనట్టు కూర్చున్నాడు."

"ఒంటిగంట దాకా టైముందిగా. గదులు చూపించు."

స్కాన్ చేసే పెద్ద అయస్కాంతం ఉన్న మాగ్నెట్ గది వాకిట్లో ఒక చెక్క పళ్ళెం ఉంది. ఇన్‌స్పెక్టరు నడుస్తూ నడుస్తూనే వాచీ, సెల్లు, తాళాలగుత్తి, బెల్టు తీసి అందులో పడేసి లోపలికి వెళ్ళాడు. తుపాకీ ముందే జీపులో వదిలొచ్చాడు. వెనకే మాస్టారు గడప దాటబోతుంటే, "ఆగండి సార్! జేబులో ఇనుము ఉంటే లాగేస్తుంది!" అని కేక వినబడింది. పక్కనే అద్దం వెనక కంప్యూటర్ల గదిలో, పంచనామాకని తీసుకొచ్చి, కుర్చీకి ఒక చెయ్యి బేడీ వేసి కూర్చోబెట్టిన ఆ టెక్నీషియన్ కుర్రవాడు. ముప్పై ఏళ్ళుంటాయి. ఒకవైపు తన మెడ మీద కత్తి వేలాడుతుంటే ఇంకొకరి తాళాల గురించి కంగారుపడుతున్నాడని, మాస్టారికి ఆ క్షణంలోనే వాడి మీద జాలి పుట్టింది. తాళాలు పళ్ళెంలో పెట్టి, చిన్నోడు బాగా జాగ్రత్తపరుడయ్యాడే అనుకుంటూ లోపలికి నడిచాడు.

లోపల చూడ్డానికేం లేదు. తెల్లటి గుండ్రటి సొరంగం, అందులోకి జారే బల్ల, మడత పెట్టిన దుప్పటి, ఒక రబ్బరు బుడ్డి. ఒక మనిషి ప్రతి ఆదివారం వచ్చి ఆ గొట్టంలో గంటన్నర కదలకుండా పడుకునేదంటే, ఇంటి దగ్గర ఎంత నిశ్శబ్దం భరించి ఉండాలి! మాస్టారు గబగబా పక్క గదిలోకి వెళ్ళిపోయాడు.

విశ్రాంతి గది అంటే ఒక ఇనప మంచం, ఒక సింకు, గోడకి అద్దం. సింకు పక్కన ఖాళీ పింగాణీ గిన్నె. శవాన్ని తీసుకెళ్ళిపోయారు గానీ, ఎక్కడున్నది అక్కడే ఉండగా తీసిన ఫొటోలు ఇన్‌స్పెక్టరు దగ్గరున్నాయి. మాస్టారు వాటిని కిటికీ వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆవిడ కుడివైపు ఒత్తిగిల్లి ఉంది. నెరిసిన జుట్టు బిగించి ముడి వేసి ఉంది. ముడిలో పిన్నులు మెరుస్తున్నాయి. పెన్సిలు మొనతో లెక్కపెట్టాడు. ఏడు.

కంప్యూటర్ల గదికి తిరిగొచ్చి టెక్నీషియన్ ఎదుట కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు మణికట్టు దాకా బొత్తాలు పెట్టిన చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు.

"బాబూ, మీ మేడమ్ జుట్టు ఎలా వేసుకునేది?"

కుర్రవాడు బిత్తరపోయాడు. రాత్రంతా అడిగిన ప్రశ్నల్లో ఇది లేదు. "ముడి సార్. మాగ్నెట్‌లోకి వెళ్ళే ముందు పిన్నులన్నీ తీసి గిన్నెలో వేసేవారు. బయటికొచ్చాక జుట్టు వదిలేసుకునే అరగంట పడుకునేవారు. లేచాక ముడి వేసుకునేవారు."

"నిన్న పడుకునే ముందే ఏడు పిన్నులు పెట్టుకుందా మరి?"

"పెట్టుకుంటే పెట్టుకుంది! ఆడవాళ్ళ జడలతో కేసు కడతారా సార్?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"కట్టను. రాసుకుంటానంతే. బాబూ, స్కాన్ జరుగుతున్నప్పుడు ఆవిడ నీతో మాట్లాడిందా?"

"ఆదివారాలు మాట్లాడరు సార్. దుస్తులు మార్చుకునే గదిలోంచి తనే వచ్చి, మొహం మీద గుడ్డ కప్పుకుని పడుకుంటారు. నేను సాయం చేస్తే గిట్టదు. నేను ఈ గదిలోనే ఉంటా. ఇక్కణ్ణుంచి దుప్పటి, కాళ్ళ మేజోళ్ళు తప్ప ఏం కనబడవు. పావుగంటకోసారి మైకులో 'బాగున్నారా మేడమ్' అని అడుగుతా. చేతిలో ఆ రబ్బరు బుడ్డి..."

"ఒక్కసారి నొక్కితే బాగున్నట్టు, రెండుసార్లు నొక్కితే ఆపమన్నట్టు," అని ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకోబోయి, అది పళ్ళెంలో ఉందని గుర్తొచ్చి గోడ గడియారం చూశాడు. "పదకొండూ ఇరవై. సార్, కానివ్వండి."

"నొక్కిందా నిన్న?"

"నొక్కారు సార్. అయిదుసార్లు అడిగాను, అయిదుసార్లూ నొక్కారు. మూడున్నరకి ఆపేసి, ఎప్పట్లాగే కింద అంతస్తులో చల్లబరిచే మెషీన్లు చూడ్డానికి వెళ్ళా. అక్కడ గంట పడుతుంది. పైకి వస్తుంటే వాచ్‌మన్ కేకలు వినబడ్డాయి."

ఆ వేళకి ఇన్‌స్పెక్టరు సెల్ వాకిట్లో పళ్ళెంలో మోగింది. వెళ్ళి తీసి, తెర మీద పేరు చూసి, "ఒక్క నిమిషం," అంటూ వరండాలోకి వెళ్ళాడు. మాస్టారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"నాయనా, చచ్చిపోయినవాళ్ళకి వేసిన ఒట్టు గట్టిది, కాదనను. కానీ ఇంకో గంటన్నరలో నిన్ను జైలుకి తీసుకెళ్తారు. తర్వాత ఆవిడ గురించి నిజం తెలిసినవాడు బయట ఒక్కడూ ఉండడు. ఏం దాచావు?"

కుర్రవాడు బేడీ లేని చేత్తో కంప్యూటరు తెరిచాడు.

"మీకు ముందు ఇది చెప్పాలి సార్. స్కాన్లో చేతి సూదిలోంచి ఎక్కించేది గ్లూకోజు, మామూలు పంచదారలాంటిదే. కాకపోతే దీన్లో కార్బన్ కొంచెం బరువైన రకం. తినేదాన్లో, ఒంట్లో ఉన్న కార్బన్లో నూటికి తొంభైతొమ్మిది వంతులు తేలిక రకమే, దాన్ని ఈ మాగ్నెట్ పట్టించుకోదు. బరువుదాన్ని మాత్రం పసిగడుతుంది. మందలో ఒక మేకకి గంట కడితే అది ఏ సందులో తిరిగిందో వినబడుతుంది చూడండి, అలాగ. చేతిలోంచి ఎక్కించిన గ్లూకోజు మెదడుకి చేరి, అక్కడ ఖర్చయి, గ్లుటమేట్ అనే పదార్థంగా మారుతుంది. ఎంత వేగంగా మారుతోందో ఈ గీత. మెదడు చురుకైతే గీత నిటారుగా లేస్తుంది. మందగిస్తే సాగిలపడుతుంది."

తెర మీద గీతలు ఒకదాని కింద ఒకటి పరిచాడు. మొత్తం నలభై మూడు ఆదివారాలు. మొదటిది పైన ఉంది. చివరివి అడుక్కి దిగిపోయాయి. ఒక మనిషి మెట్లు దిగుతూ చీకట్లోకి పోతున్నట్టు కనబడింది మాస్టారికి.

"మతిమరుపు జబ్బు సార్. వాళ్ళమ్మకీ అదే. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్నారు. శుక్రవారం, వచ్చి రాగానే నన్ను నా పేరు అడిగారు. ఆరేళ్ళ నుంచి ఆవిడ పక్కన కూర్చుని పనిచేస్తున్నాను సార్. అందుకే అరిచాను, ఇంక దాచలేనని, మంచి డాక్టర్ని చూద్దామని." కుర్రవాడు ఏడ్చేశాడు. తుడుచుకోవడానికి రెండో చెయ్యి రాక మొహం భుజానికి రాసుకున్నాడు.

మాస్టారు తన రుమాలు వాడి చేతిలో పెట్టాడు. "నిన్నటిది చూపించు."

నలభై నాలుగో గీత తెరమీదకి రాగానే ఇద్దరూ నోరెళ్ళబెట్టారు. అది అన్నింటికంటే పైకి, మొదటి ఆదివారం కంటే పైకి లేచింది.

"ఇదేంటి... ఇలా వెనక్కి రాదు సార్ ఈ జబ్బు. ఇది నేనిప్పుడే చూస్తున్నా. లెక్కలు కట్టి గీత తీసింది చిన్న డాక్టరమ్మే, నిన్న సాయంత్రం అయిదూ పదికి, ఇన్‌స్పెక్టరు గారికి చూపించడానికి."

"మెషీన్ తప్పు చెప్పిందేమో?"

"చెప్పదు. ప్రతిసారీ ముందు ఒక మందు సీసాని స్కాన్ చేస్తాం, తూకం రాయిలాగ. నిన్నా సీసా ఎప్పటిలాగే ఉంది. ఉండండి, తల బొమ్మలు చూద్దాం." వెతికాడు. మిగతా నలభై మూడు ఆదివారాలకీ మూడేసి బొమ్మలున్నాయి. నిన్నటికి ఒక్కటీ లేదు. "తీశాను సార్! ఒకటీ యాభై ఎనిమిదికి నేనే తీశాను!"

"తీసినప్పుడు చూడలేదా, అది మీ మేడమ్ తలేనా కాదా అని?"

కుర్రవాడు తలొంచుకున్నాడు. "తల మధ్యలో ఉందా లేదా అని ఒక్క చూపు చూసి కళ్ళు తిప్పేసుకుంటాను సార్. ఆవిడ మెదడు వారం వారం కుంచించుకుపోతుంటే చూడలేక. చూసుంటే..."

మాస్టారు వాడి వీపు నిమిరాడు. ఇంత ప్రేమ వల్ల జరిగిన తప్పుని ఏ కోర్టులో ఏ సెక్షన్ కింద రాస్తారు! "బొమ్మలు ఎవరు చెరపగలరు?"

"పెద్ద పాస్‌వర్డు ఉండాలి. ఇద్దరికే తెలుసు. పెద్ద డాక్టరమ్మకి, చిన్న డాక్టరమ్మకి."

నిన్న సాయంత్రం అయిదూ పదికి ఆ ఇద్దర్లో ఒకరు శవాగారానికి పోతూ ఉన్నారు. ఫోన్లో విన్న గొంతు మాస్టారి చెవిలో మళ్ళీ పలికింది. "బాబూ, మీ దగ్గర పరీక్షకొచ్చిన వాళ్ళందరి గీతలూ ఉంటాయా? నిన్నటి గీతకి సరిపోయేవి ఉన్నాయేమో వెతుకు."

నాలుగు నిమిషాలు పట్టింది. కుర్రవాడు ఒక్కొక్కటీ తెచ్చి నిన్నటి గీత మీద పెట్టాడు. గీత మీద గీత, అచ్చుగుద్దినట్టు కూర్చుంది. ఒకటి, రెండు, అయిదు. పదకొండు దగ్గర ఆగాయి. పదకొండు నెంబర్లూ చిన్న డాక్టరమ్మ సొంత పరిశోధనలోవే. వాళ్ళంతా వేరువేరు మనుషులని రాసి ఉంది. ఆ పరిశోధనకే ఆవిడకి బోలెడు పేరొచ్చింది.

ఒకే మనిషి పదకొండు పేర్లతో. ఆవిడ వెర్రి మాట చెప్పలేదు, ఉన్నదున్నట్టే చెప్పింది. తన మతి తనని వదిలిపోతున్నా ఆ గీతని మాత్రం గుర్తుపట్టింది. ఆ మంగళవారం వచ్చి ఉంటే! మాస్టారు కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచాడు.

"మనుషులు దొరక్క తనే పడుకుందన్నమాట పదకొండుసార్లూ," అన్నాడు. "నిన్న పెద్దావిడ నిలదీసి ఉంటుంది. పిన్నులు తియ్యలేదంటే ఆవిడ మాగ్నెట్‌లోకే వెళ్ళలేదు. ఒంటిగంటన్నర ప్రాంతంలో దిండు పెట్టింది. రెండింటికి ఆవిడ బదులు తనే వెళ్ళి పడుకుని, చచ్చిన మనిషిని మూడున్నర దాకా బతికించింది. గేటు దగ్గర సంతకం పెట్టి, వెనక మెట్ల మీంచి మళ్ళీ వచ్చుండాలి. నిరూపించడానికి ఇంకేదైనా ఉందా నాయనా? గీతలు వేలిముద్రలు కావంటుంది రేపు."

కుర్రవాడు కాసేపు ఆలోచించి లేవబోయి, బేడీ లాగితే మళ్ళీ కూలబడ్డాడు. "ఊపిరి సార్! ఎక్కించిన గ్లూకోజు ఒంట్లో కాలిపోయి ఊపిరిలోనే బయటికి పోవాలి. రెండు రోజుల దాకా ఆ బరువు కార్బన్ ఆనవాలు ఉంటుంది. పక్క గదిలో మెషీన్ ఉంది. సంచీలోకి ఊదితే పది నిమిషాల్లో చెప్పేస్తుంది."

అంతలో తలుపు తెరుచుకుంది. ఇన్‌స్పెక్టరు, ఆయన వెనక చిన్న డాక్టరమ్మ. ముప్పైఎనిమిదేళ్ళ మనిషి, ఇస్త్రీ చెదరని బట్టలు. నిమ్మకు నీరెత్తినట్టుంది. మాస్టారు చల్లగా సంగతంతా చెప్పాడు, ఊపిరి మాట ఒక్కటి తప్ప.

"పోలికలు సార్," అందావిడ. "ఆరోగ్యంగా ఉన్న మెదళ్ళ గీతలు ఒకలాగే ఉంటాయి. ఇక బొమ్మలంటారా, పొరపాటున పోయుంటాయి."

"గురువుగారూ, మీ పెన్సిలు అరిగిపోయింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఒక వంకర గీత చూపించి, పేరున్న డాక్టరు మీద హత్యానేరం మోపుతారా? రిటైరైనవాళ్ళు ఇంటిపట్టున ఉండాలి."

"ఇంటిపట్టున ఏముందిరా నాకు?" అన్నాడు మాస్టారు. అనుకున్నదాని కంటే గట్టిగా వచ్చిందా మాట. ఇన్‌స్పెక్టరు చూపు తిప్పుకున్నాడు. "సరే. ఒక్క పరీక్ష. అందరం తలో సంచీలోకి ఊదుదాం. కాదని తేలితే క్షమాపణ చెప్పి, ఒంటిగంటకి కుర్రాణ్ణి నేనే నీ జీపెక్కిస్తా."

డాక్టరమ్మకి అర్థమయింది. అర్థమయినా రెప్ప వాల్చలేదు. "తప్పకుండా," అంది. ఇంత ధైర్యమేమిటి ఈవిడకి అనుకున్నాడు మాస్టారు.

పన్నెండూ పదికి నలుగురూ పక్క గదిలో చేరారు. కుర్రవాడి బేడీ విప్పి, ఈసారి మెషీన్ బల్ల కాలికి తగిలించారు. మాస్టారు నాలుగు సంచీల మీద పెన్సిలుతో నెంబర్లేశాడు. ఒకటి టెక్నీషియన్ ఊదాడు. రెండు డాక్టరమ్మ ఊదింది, తొణక్కుండా. మూడోది మాస్టారు ఇన్‌స్పెక్టరుకి అందించాడు.

"ఆయనెందుకు?" అంది డాక్టరమ్మ గబుక్కున. "పోలీసుకేం సంబంధం? మూడు చాలు."

"మెషీన్ ఎవర్ని పడితే వాళ్ళని పట్టుకోవడం లేదని రుజువుండాలి కదమ్మా."

"అది... దానికి చిల్లుంది. మారుస్తాను, ఇవ్వండి." చెయ్యి చాపింది.

"ఏం, నేను తాగొచ్చాననా సార్?" అంటూ ఇన్‌స్పెక్టరు నవ్వి, బుగ్గలు పూరించి సంచీ నిండా ఊదేశాడు. డాక్టరమ్మ చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. నాలుగోది మాస్టారు ఊదాడు. "ఒక ఫోన్ చేసుకుని వస్తాను," అని ఆవిడ బయటికి వెళ్ళింది. చెప్పుల చప్పుడు వరండాలో నెమ్మదిగా మొదలై, మలుపు దాటాక తొందరపడింది.

మెషీన్ సన్నగా గురగురలాడింది. కుర్రవాడు తెర చదివాడు. "ఒకటి... మామూలే." కాసేపు ఆగి, "రెండు... మామూలే సార్," అన్నాడు, మొహం పాలిపోయి.

ఇన్‌స్పెక్టరు గట్టిగా ఊపిరి వదిలాడు. "పప్పులుడకలేదు సార్. పదండి, టైమవుతోంది."

"మూడు," అన్నాడు కుర్రవాడు. ఆగిపోయాడు. మీటలు నొక్కి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ చూశాడు. "సార్... మూడు... ఉంది సార్. బోలెడుంది. నిన్న ఎక్కించుకున్నదే."

మెషీన్లోంచి లెక్కల కాగితం బయటికి జారింది, మాస్టారు దాన్ని చింపి తీసుకున్నాడు.

మాస్టారు సంచీ మీద తను వేసిన మూడు అంకె వంక చూశాడు. ఆయనకి అప్పుడు అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఎవరూ చెప్పకుండానే పళ్ళెంలో పడ్డ తాళాలు. ఈ ఉక్కలో కూడా మణికట్టు దాకా బొత్తాలు పెట్టిన చొక్కా చేతులు. "బాబూ, బుడ్డి ఒకసారి నొక్కితే బాగున్నట్టని ఈయనకి నువ్వు చెప్పావా?" అని అడిగాడు.

"లేదు సార్. నన్నెవరూ అడగలేదు."

అన్నీ చూశాడు మాస్టారు. చూసి, జాగ్రత్తపరుడని మురిశాడు. ఇంకెవరైనా అయితే మొదటి నిమిషంలోనే పట్టుకునేవాడు. ఉన్న ఒక్కడూ పోతాడని, చూసింది చూడనట్టు లోపలెక్కడో తొక్కిపెట్టాడు.

ఇన్‌స్పెక్టరు తలుపు దగ్గరికి వెళ్ళి గడియ వేశాడు. వెనక్కి తిరిగాడు. కుర్రవాడు బల్లకి అతుక్కుపోయాడు. మాస్టారు వాళ్ళిద్దరికీ మధ్యకి వచ్చి నిలబడ్డాడు.

"ఆ కాగితం ఇటివ్వండి సార్."

"ఇవ్వను."

"మీకు తెలీదు సార్. నాకా డాక్టరమ్మ తప్ప..." ఇన్‌స్పెక్టరు తలుపుకి ఆనుకున్నాడు. "రెండేళ్ళ కిందట ఒక కేసులో పరిచయమైంది. పరిశోధనకి మనుషులు దొరకడం లేదంది. సెలవు రోజుల్లో నాకు మాత్రం ఎవరున్నారు సార్? వచ్చి పడుకునేవాణ్ణి. మెషీన్ తనే నడిపేది, ఇంకెవరూ ఉండేవాళ్ళు కాదు. బయటికొచ్చాక కాఫీ ఇచ్చి, అరగంట కూర్చుని మాట్లాడేది. ఆ అరగంట కోసం పదకొండుసార్లు వచ్చాను. వేరే పేర్లు రాస్తోందని నాకు తెలీదు. వచ్చే నెల పెళ్ళి చేసుకుందామనుకున్నాం."

"నిన్న?"

"'పెద్దావిడకి ఒంట్లో బాగోలేదు, మందిచ్చి పడుకోబెట్టాను, ఆదివారం రికార్డు తెగిపోతే బెంగపెట్టుకుంటుంది, ఒక్కసారి నువ్వు పడుకో' అంది. వెనక మెట్ల మీంచి వచ్చి పడుకున్నాను. నాలుగూ నలభైకి స్టేషన్ నుంచి ఫోనొస్తే అప్పుడు తెలిసింది సార్. వచ్చి మంచం మీద చూశాను." చొక్కా చెయ్యి బొత్తాం విప్పి పైకి లాగాడు. మోచేతి మడతలో చిన్న దూది, దాని చుట్టూ కమిలిన మచ్చ. "అప్పుడు కూడా ఆమెని అడగలేకపోయాను. అడిగితే ఆమె కూడా ఉండదు. అందుకే వీణ్ణి పట్టుకున్నాను."

కుర్రవాడు బేడీ వంక చూసుకున్నాడు.

"సార్, ఒక్కటి చెప్పండి. నేను గంటన్నర ఆ గొట్టంలో ఉన్నానే, గోడకి ఇవతల... ఆవిడ అప్పటికే పోయిందా? లేక కొనప్రాణంతో ఉందా? నేను లేచి ఆ తలుపు తెరిచి చూసుంటే..."

అబద్ధం చెప్పడం తేలిక. వీడికి ఈ ఒక్కసారి చెబితే మాత్రం ఏం పోతుందని కూడా అనిపించింది మాస్టారికి. "తెలీదురా," అన్నాడు. "పిన్నులు కూడా తియ్యలేదని తెలుసు. అంతే."

బయట కారు స్టార్టయిన చప్పుడు వినబడింది. ఇన్‌స్పెక్టరు కిటికీ వైపు చూశాడు. ఆ కారు చప్పుడు వాడికి బాగా తెలుసని మొహమే చెబుతోంది. చెయ్యి జేబులోకి వెళ్ళింది. మాస్టారు కదల్లేదు. ఇన్‌స్పెక్టరు సెల్లు తీసి, గేటు దగ్గరున్న కానిస్టేబుల్‌కి చేశాడు.

"గేటు మూసెయ్. ఆ తెల్లకారుని ఆపు, డాక్టరమ్మని దించు. ఎవర్నీ బయటికి పోనివ్వొద్దు." ఒక్క క్షణం ఆగాడు. "నన్ను కూడా."

ఫోను పెట్టేసి, బేడీ తాళం బల్ల మీద కుర్రవాడి ముందుంచాడు. గడియ తీశాడు. తర్వాత స్టూలు మీద కూర్చుని, కుర్రతనంలో మొదటి పోస్టింగులో తప్పు చేసి దొరికినప్పటిలాగే చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. టైము పన్నెండూ నలభై.

"రాసుకోండి సార్. మీరే అడగండి."

మాస్టారు చెవి వెనకనుంచి పెన్సిలు తీశాడు. నోట్‌బుక్కు తెరిచాడు. మొదటి ప్రశ్న ఏమిటో ఆయనకి కంఠోపాఠం. నిన్న మధ్యాహ్నం రెండు గంటలకి ఎక్కడున్నావు? ముప్పై ఏళ్ళు ఎంతమందిని అడిగాడో లెక్కలేదు. పెన్సిలు కాగితం మీద ఆనింది గానీ ముందుకి జరగలేదు.

"నిన్న రెండింటికి నీ ఫోన్ వస్తుందని కూర్చున్నాను చిన్నోడా," అన్నాడు. "మూడున్నర దాకా తినలేదు."